కవి బొమ్మకని నేసిన దుప్పటి

మామ పోయిన సంగతి వీధిలో మొదట చెప్పినోణ్ణి నేనే. అందుకే ఎవురూ నమ్మలా.

పొద్దన్నే కాఫీ తాగి, లోటా కింద పెట్టి, గోడకు ఒరిగినోడు మళ్ళా లేవలా. అత్త అరిచిన అరుపుకు ఎదురింట్లోంచి నేనే ముందు పరిగెత్తినాను. చెయ్యి పట్టుకొని చూసి, బయటికొచ్చి, "మామ పోయినాడు" అని చెప్పినాను. వాకిట్లో నీళ్ళు చల్లతా ఉండిన పక్కింటక్క తలెత్తి కూడా చూడలా.

"పొద్దన్నే మొదలుపెట్టినావా? పోయిన నెల ఊరికే నూలిస్తా ఉండారని చెప్పి, వీధినంతా సంచులు పట్టుకొని నిలబెడితివి. చాలకపాయనా?" అనింది.

నా మొగం చూసినాక చెంబు కింద పెట్టేసింది. ఇన్నేండ్లు నేనాడిన ఎగతాళికి ఆ పొద్దు నాకే ఏడుపొచ్చింది.

మామ గురించి మన నేతోళ్ళ పత్రికలో రాయమన్నారు. నేను అయిదో క్లాసుతోనే బడికి దండం పెట్టినోణ్ణి. లుంగీల మూట సైకిలుకు కట్టి ఊరూరు తిరిగేది నా పని, రాసేది కాదు. మాట్లాడినట్టే రాస్తా, మీరే సర్దుకోండి.

మామ అంటే చుట్టరికం ఏమీ లేదు. తిరుత్తణిలో మా వీధిలో ఎదురెదురు ఇండ్లు, అంతే. ఆయనకు నేను అల్లుణ్ణి, ఆయనకు పిల్లోళ్ళు లేరు గాబట్టి వీధిలో పిల్లోళ్ళంతా ఆయన పిల్లోళ్ళే. అరవంలో పిల్లోళ్ళ పాటలు కట్టిన కవి ఒకాయన ఉండినాడు గదా, రేడియోలో ఆయన పాట వస్తే మామ మగ్గం నిలిపేసి వింటాడు. పాట అయిపోయినాక మగ్గంలో నాడె విసరతా అదే పాటను తెలుగు చేసి పాడతాడు. తెలుగు చేసేటప్పుడు తనదీ కొంచెం కలిపేస్తాడు. నక్క పాటొకటి ఉండాది. అందులో నక్కకు నూలు దొరికేదీ, తోకకు లుంగీ నేసుకొనేదీ మామ కలిపిందే. మగ్గం చప్పుడే తాళం. బడి వదిలినాక పిల్లోళ్ళు మగ్గం గుంత చుట్టూ కూర్చొని అరస్తా ఉంటే, అత్త ఇంట్లోంచి, "చెవులు పోతాయి, ఇంక చాలిచ్చండి" అంటాది. అని మళ్ళా బొరుగులు తెచ్చి పెడతాది.

"పాడతా నేస్తే నూలు తెగదా మామా?" అని అడిగినానొకసారి.

"పాడకుండా నేస్తే నేను తెగిపోతాను రా" అన్నాడు.

పిల్లోళ్ళు పదం తప్పు పాడితే దిద్దడు. "వాడు పాడిందే బాగుండాది, ఇంక మనమూ అట్లే పాడదాం" అంటాడు. నేను నాడె ఎత్తి దాచిపెట్టినా కోప్పడడు. పిల్లోళ్ళను చూసి, "నాడె పోయింది, నక్క ఎత్తుకోని పోయింది, పట్టండి" అని నావైపు చెయ్యి చూపిస్తాడు. వాళ్ళు నామీద పడి నా లుంగీ ఊడేదాకా వదలరు.

ఆ కవి పోయినాక పట్నంలో సముద్రం పక్క రోడ్డులో ఆయనకు బొమ్మ పెట్టినారు. పెద్దోళ్ళంతా పోయి మాలలేసినారని రేడియోలో చెప్పినారు. మామకు ఆ పొద్దునించీ ఒకటే ఆశ. మన పక్క మంచి మనిషిని గౌరవించాలంటే భుజాల మీద పొన్నాడ, అదే శాలువా, కప్పుతారు గదా, తన చేత్తో నేసింది ఒకటి ఆయన భుజాల మీద కప్పాల.

"పూలమాల రేపటికి వాడిపోతాది. గుడ్డ అయితే వానకు తడిసినా ఎండతాది" అన్నాడు.

పేపర్లో పడిన ఆ కవి ఫొటో చూసినాడు. సన్నటి మనిషి, బక్కభుజాలు. "నామాదిరే ఉండాడు. నా కొలత చాలు" అని, లుంగీలకు పోగా మిగిలిన రంగు నూలంతా కలిపి తుండుగుడ్డ నేసినాడు. ఎరుపు, పచ్చ, నీలం, అన్నీ సన్నగీతలు. "పిల్లోళ్ళ కవికి తెల్లగుడ్డ ఎందుకు?" అన్నాడు.

నన్ను తోడు పిలిచినాడు. తిరుత్తణిలో రైలెక్కినాం. తుండును పేపర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కనోళ్ళతో నేను, "పెండ్లికూతుర్ని చూసేకి పోతాండాడు, పట్టుబట్ట తీసుకొని" అని చెప్పినాను. ఒక ముసలామె నిజమనుకొని, "ఈ వయసులోనా?" అనింది. మామ సిగ్గుపడి కిటికీలోంచి చూసినాడు గానీ కాదనలా.

బొమ్మ దగ్గరికి పోయి తలెత్తినాం.

కంచు బొమ్మ. మనిషికంటే ఎత్తు దిమ్మె, దాని మీద ఇద్దరు మనుషులంత కవి. భుజాలు మా ఇంటి తలుపంత. మామ చేతిలో తుండును చూసినాడు, మళ్ళా పైకి చూసినాడు. బొమ్మ చుట్టూ కటకటాలకు రంగేస్తా ఉండిన మనిషొకడు నిచ్చెన పెట్టుకోని ఉండినాడు. "ఎన్న పెరుసు, ఏం కావాల పెద్దాయనా?" అన్నాడు. సంగతి చెప్తే, "అట్లనా, ఏరుంగో" అని నిచ్చెన వేసిచ్చినాడు. నేనెక్కినాను. తుండు ఒక పక్క భుజం కూడా దాటలా. గాలొచ్చింది. జారి వచ్చి కింద మామ చేతుల్లోనే పడింది. మళ్ళా పెట్టినాను. మళ్ళా పడింది.

"మామా, ఆయన ముక్కు తుడుచుకొనేకి పనికొస్తాదిలే" అని పైనుంచి అన్నాను.

నిచ్చెనాయన నవ్వినాడు. మామ నవ్వలా. తుండు అంచును వేలితో సవరిస్తా, "అందరికీ కొలత తీసుకొని నేస్తాను. ఈయనకు తీసుకోకుండా నేసేస్తి" అన్నాడు. మొలలోంచి నూలు ఉండ తీసి పైకి విసిరినాడు. "రేయ్ అల్లుడా, ఆ భుజం నుంచి ఈ భుజానికి పట్టు. వేలాడేకి కొంచెం వదులు. ముడెయ్యి."

కొలత తీసి ఇచ్చినాను. ఆ నూలును చుట్టి వక్కాకు సంచిలో పెట్టుకున్నాడు. తుండును నిచ్చెనాయనకు ఇచ్చేసినాడు. ఆయన కండ్లకద్దుకోని తలకు చుట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో మామ మాటే లేదు. బాధపడతా ఉండాడనుకొని నేనూ నోరు మూసుకున్నాను, నాకది ఎంత కష్టమో మీకు తెలుసు. తిరువళ్ళూరు వచ్చింది. జామకాయలమ్మేవాళ్ళు కిటికీ దగ్గర అరస్తా ఉండారు. అప్పుడు నోరు తెరిచినాడు.

"మన మగ్గానికి అంత వెడల్పు లేదు. రెండు ముక్కలు నేసి నడిమధ్యలో కుట్టాల."

ఇంతసేపూ మనసులో నేస్తా ఉండినాడు, ఆ మనిషి!

ఆ దుప్పటి నేసేకి చానా కాలం పట్టింది. నూలిచ్చే ముదలాళి లుంగీలు నేసినాక మిగిలిన పొద్దులో గదా నెయ్యాల. నూలు కూడా అట్లే, మిగిలిందాంట్లోనే. రెండు ముక్కలూ అయినాక గీతకు గీత కలిసేట్టు చేత్తో కుట్టినాడు. వేలు పెట్టి వెతికినా కుట్టు తెలీదు. వీధిలో పరిచి చూపిస్తే పిల్లోళ్ళు దాని కింద దూరి ఆ చివరికి వచ్చినారు. అత్త దాన్ని మడిచి పెట్టెలో పెట్టింది.

పదా పోదాం అన్నాను. మామ ఒప్పుకోలా. "పోయినసారి మనమిద్దరం ముసలిమొగాలు వేసుకొని పోతిమి. పిల్లోళ్ళు లేకుండా పోతే ఆయనకేమి సంతోషం? ఈసారి అందర్నీ పిల్చుకోని పోదాం. నేను కప్పతా ఉంటే వాళ్ళు నక్కపాట పాడాల."

అక్కడే మా పని నిలిచిపోయింది. బడికి లీవు ఉంటే మామకు పడుగు అర్జెంటు. మామకు తెరపి ఉంటే పిల్లోళ్ళకు పరీక్ష. ఒకసారి అంతా కుదిరి టికెట్టు తీసేకి పోతామనంగా వాన పట్టుకునింది. ఇంకోసారి ఆడికృత్తిక తిరణాల జనం, రైల్లో కాలు పెట్టేకి లేదు. లుంగీల పనిమీద నేను పట్నం పొయ్యి వచ్చినప్పుడల్లా మామ వాకిట్లో నిలబడి అడిగేది ఒకటే. "చూసినావా ఆయన్ని? భుజాల మీద ఏమన్నా ఉండాదా?"

"కాకి ఉండాది మామా" అంటాను.

"ఇంక కొన్నాళ్ళు ఓర్చుకోమను" అంటాడు.

ఈ పరీక్షలు అయినాక పోయేదని ఖాయం చేసినాం. పిల్లోళ్ళు రైలు ఆట మొదలుపెట్టేసినారు. పరీక్షలు ఇంకా కాలేదు. మామ పోయినాడు.

మాలో, పెండ్లాం పుట్టింటోళ్ళు కొత్తగుడ్డ తెచ్చి పోయినోళ్ళ మీద కప్పాల. అత్త తమ్ముడు పళ్ళిపట్టు నుంచి రావాల. బస్సు రాలా. ఎండ ఎక్కతా ఉండాది, పెద్దోళ్ళు తొందర పెడతా ఉండారు. అత్త లేచి పోయి పెట్టె తెరిచి ఆ దుప్పటి తెచ్చింది.

"అత్తా, అది బొమ్మకు నేసింది" అన్నాను. "మామ మాట ఏమయ్యేది?"

"ఆ బొమ్మకు ఇంకెవురన్నా నేస్తారు. ఈయనకు ఎవురు నేస్తారు రా? ఊరికంతా నేసినాడు. ఒక మంచిగుడ్డ తన వంటిమీద కప్పుకోని నేను చూడలా" అనింది.

నేను పోయి దుప్పటికి ఒక కొస పట్టుకున్నాను. ఇప్పుడు పట్నం పోతే ఆ రోడ్డున పోకుండా చుట్టు తిరిగి పోతాను. ఆ ఉత్త భుజాలను చూసి ఏమని చెప్పాల?

దుప్పటి కప్పినాం. ఇద్దరు మనుషులంత బొమ్మకు నేసింది, మామేమో గుప్పెడు మనిషి. తల మీంచి కాళ్ళ దాకా మడిచి కప్పినా పాడెకు రెండు పక్కలా కిందికి వేలాడింది. పెద్దాయనొకడు చించేద్దామన్నాడు. "చెయ్యి పెట్టొద్దు" అనింది అత్త. అట్లే ఎత్తినాం.

మన్ను తగలకుండా పిల్లోళ్ళు రెండు పక్కలా అంచు ఎత్తి పట్టుకున్నారు. ఎవురూ చెప్పలా. ఎరుపు, పచ్చ, నీలం గీతల గుడ్డ, దాని కింద చిన్నచిన్న చేతులు. పాట మాత్రం ఎవురూ పాడలా. వీధి చివర ఆడోళ్ళు వాళ్ళను నిలిపేసినారు, కాటికి పిల్లోళ్ళు రాకూడదు. పిల్లోళ్ళు ఒక్కొక్కరే అంచు వదిలేసినారు. అక్కణ్ణించి ఆ అంచు రోడ్డు మీద ఈడ్చుకుంటా మా వెనకాలే వచ్చింది.