తెడ్డు దెబ్బ తిన్న కేక

"నీ కంప్యూటర్ అంతా బాగుందని పచ్చగా చూపిస్తానే ఉండింది కదమే! ఆడ గుంటలో రొయ్య మొత్తం తెల్లబడి తేలింది!"

"మోగిన ఫోను గోడకేసి కొట్టింది ఎవురు నాయనా? ఇంకోసారి మోగితే కంప్యూటర్ని గుంటలో పారేస్తానంది ఎవురు? మోగకుండా రాయమన్నావు, రాసినా."

"తప్పు నాదంటావా? పళ్లు రాలగొడతా, ఏమనుకున్నావో!"

ఆ మాటతోపాటే నా కొడుకు విసిరిన స్టీలు గ్లాసు గోడకు తగిలి సొట్టపోయింది, వాడి చేతిలోని మేత కలిపే తెడ్డు నా మనవరాలి మీదికి లేచింది. నేను గ్లాసు ఏరుకుని (సొట్ట తీయిస్తే మళ్లీ వాడుకోవచ్చు) ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. మనవరాలు చెప్పగా నాకు అర్థమైనంత ఇది. గుంటల దగ్గర షెడ్డులోని కంప్యూటర్లో తను రాసిన ఒక తల్లి స్క్రిప్టు (కంప్యూటర్‌కు పనులు చెప్పే రాత) నడుస్తూ, గుంటకొక పిల్ల స్క్రిప్టును పంపుతుంది. పిల్ల నీళ్లలోని ఆక్సిజన్ మీటరు చూసి, అంతా బాగుంటే సున్నా, ఏదైనా చెడితే ఇంకో అంకె తెచ్చి తల్లికివ్వాలి, సున్నా కాకపోతే తల్లి ఫోను మోగించాలి. మీటరుకు కాస్త నాచు పట్టినా ఫోను మోగేది, నా కొడుకు మండిపడేవాడు. చివరికి, పిల్ల ఏ అంకె తెచ్చినా సున్నా కిందే లెక్కగట్టి సాగిపొమ్మని మనవరాలు ఒక ముక్క చేర్చింది. మొన్న తెల్లవారుజామున గాలి కొట్టే యంత్రాలు ఆగిపోయాయి, ఆక్సిజన్ పడిపోయిందని పిల్ల చెప్పింది, తల్లి చెవిన పెట్టలేదు. ఒక గుంట పోయింది. మిగిలిన గుంటల్లోనే ఈ ఏటి మా బతుకు.

లేచిన ఆ తెడ్డు చూడగానే నాకు మా నాయన గుర్తొచ్చాడు. విడవలూరు వైపు సముద్రపొడ్డున మా పాలెంలో అలివి వల, ఒడ్డుకు లాగే పెద్ద వల, ఆయనది. ఒడ్డున జనం రెండు తాళ్లు పట్టి లాగుతుంటే, వల సంచి వెనకాలే ఈదుతూ, అది దేనికైనా తగులుకుంటే కేక పెట్టడం మా అన్న పని. కేక వినబడితే లాగుడు ఆపాలి, ఆపితే చేప జారిపోతుంది. ఒకసారి అన్న కేక పెట్టాడు, జనం ఆపారు, చూస్తే సంచికి అడ్డం పడింది ఒట్టి తాటిమొద్దు. అప్పటికే కవళ్ల చేపల గుంపు తప్పించుకుంది. నాయన పడవలోని తెడ్డు తీసి, పాలెమంతా చూస్తుండగా, అన్న మోచెయ్యి విరిగి ఎముక బయటపడేదాకా కొట్టాడు. అమ్మ కూడా అడ్డం పోలేదు. ఇసుక మీది నెత్తురును అల వచ్చి కడుక్కుపోయింది.

చెయ్యి అతికాక అన్న మళ్లీ నీళ్లలోకి దిగాడు, కేక మాత్రం మానేశాడు. తర్వాత ఒకనాడు సంచి నిజంగానే మునిగిన పడవ ఇనుముకు తగులుకుంది. అన్న చూశాడు, ఊరకున్నాడు. ఒడ్డున జనం ఇంకా బలంగా లాగారు, వల నిలువునా చినిగింది, తాడు తెగి దాని కొస కొరడాలా వచ్చి నాయన కన్ను చీల్చేసింది. నెత్తురోడే కంటికి గుడ్డ అదుముకుని ఆయన అడిగిందొకటే, ఎందుకు అరవలేదురా అని. అన్న వంకరగా అతికిన చెయ్యి ఎత్తి చూపించాడు.

నా ఈడు వాళ్లకు ఇది కొత్త కాదు. మన ఇళ్లలో చెడ్డకబురు తెచ్చినవాళ్లకే మొదటి దెబ్బ పడేది. ఇప్పుడు మా పాలెంలో అలివి లాగేవాళ్లు లేరు, ఉప్పునీళ్లు గుంటల్లోకి వచ్చాయి, కేక ఫోనులోకి పోయింది, కానీ ఆ తెడ్డు మా ఇంటిదాకా నడిచొచ్చింది. మేనమామ వంకర చెయ్యి చూస్తూ పెరిగినవాడివి గదరా అని మాత్రం అన్నాను. నా కొడుకు తెడ్డు గోడకు ఆనించి బయటికి పోయాడు. మనవరాలు కూర్చుని, తను చేర్చిన ఆ ముక్క చెరిపేసింది.

మరుసటి రోజు పొద్దున్నే ఫోను మోగింది. నా కొడుకు లుంగీ ఎగ్గట్టి గట్టు మీదికి పరిగెత్తాడు. మీటరుకు నాచు పట్టింది, అంతే. లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ నీళ్లలోకి దించి, ఇంటికొచ్చి టీ అడిగాడు.