గోడ అవతలి గురక

మా పక్కింటి స్వామి పోయారు. ఆ పొద్దున వాళ్ళావిడ గోడ అవతలి నుంచి "టీచరమ్మా, ఒకసారి వస్తావా" అని పిలిచింది. గొంతులో తొందరేమీ లేదు. కాఫీ పొడి అయిపోయిందేమో అనుకుంటూ వెళ్ళాను. ఆయన చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

కాసేపటికే జమ్మలమడుగులోని మా వీధి నిండిపోయింది. ఆయన చేతుల మీదుగా పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి కూడా వచ్చారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "పుణ్యాత్ముడప్పా. నిద్దర్లోనే పోయినాడు. ఇట్లాంటి సావు ఎంతమందికి వస్తాది?" ఓదార్పుకే అన్నారు, కాదనను. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆయన బతుకులో దేనితోనైనా పోరాడారంటే అది నిద్రతోనే. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా పోవడం ఇష్టంలేక ఇది రాస్తున్నాను.

మా రెండిళ్ళకూ ఒకటే గోడ. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఆయనది పౌరోహిత్యం. మధ్యాహ్నం పూట ఆయన కునుకు తీస్తే, ఆ గురక విని వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ పిండిమర ఉందా అని అడిగేవాళ్ళు. ఆయనకు కోపం వచ్చేది కాదు. "నేను ఇంట్లోనే ఉండానని నీకు దినామూ తెలియజేస్తాండా టీచరమ్మా" అనేవారు. ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. నేను కూడా చేతిలో పని ఆపి చెవి పెట్టేదాన్ని. అవతల గాజుల చప్పుడు. వాళ్ళావిడ ఆయన భుజం మీద రెండుసార్లు తట్టిందన్నమాట. వెంటనే నీళ్ళలోంచి తల పైకెత్తినట్టు ఒక పెద్ద శ్వాస, మళ్ళీ గురక. రాత్రులైతే తెల్లవార్లూ ఆవిడకు అదే పని.

నా భర్త పోయినప్పుడు నక్షత్రం మంచిది కాదని, ఇల్లు ఆర్నెల్లు మూసిపెట్టాలని బంధువులు పట్టుబట్టారు. పిల్లలతో ఎక్కడికి వెళ్ళాలో తెలియక వాకిట్లో కూర్చున్నాను. స్వామి వచ్చి అందరి ముందూ అన్నారు. "ఇల్లు మూసి ఆయమ్మ యాడికి పోతాది? దీపం పెట్టుకొని ఈడనే ఉండనీయండి. దోషముంటే నాకు తగలనీ." శాంతి ఏదో చేసి వెళ్ళారు. "గడియ మనిషి కోసరమమ్మా, మనిషి గడియ కోసరం కాదు" అనేది ఆయన మాట. కాన్పు ఆపరేషనుకు ముహూర్తం పెట్టమని ఎవరైనా వస్తే, డాక్టరమ్మకు ఎప్పుడు కుదిరితే అదే మంచి గడియ అని పంపేసేవారు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

జబ్బు మొదట బయటపడింది వేంపల్లె పెళ్ళిలో. మంత్రం చదువుతూ చదువుతూ నిద్రలోకి జారిపోయారు. పెళ్ళికూతురి తండ్రి మోకాలి మీద తడితే, ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కడి నుంచే అందుకున్నారు. ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. తర్వాత ప్రొద్దుటూరు నుంచి వస్తూ మోపెడ్ మీద కునికి రోడ్డు పక్కన పడ్డారు. అప్పుడిక వాళ్ళావిడ ఊరుకోలేదు. "సైన్సు చదివినదానివి, నువ్వు తోడు రా" అని నన్నూ వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

ఒంటికి తీగలు అంటించి, పడుకోబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు వెనక కండ వదులై ఊపిరి దారిని మూసేస్తోందని, ఇలాగే వదిలేస్తే గుండె మీద పడుతుందని డాక్టరు చెప్పాడు. దానికి రెండు దారులు చూపించాడు. ఒకటి, ముక్కుకు మాస్కు తగిలించుకుని పడుకుంటే గాలిని తోసి దారి తెరిచి ఉంచే మిషన్. పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది, కాబట్టి రోజూ పెట్టుకోవాల్సిందే. రెండోది ఆపరేషన్. వదులుగా ఉన్న కండను కోసి సరిచేస్తారు. మిషన్ మోసే బాధ తప్పవచ్చు గానీ అందరికీ ఒకేలా పనిచేయదు, నొప్పి ఉంటుంది, గొంతు మారినా మారవచ్చు. "ముందు మిషన్ వాడండి. అది కుదరనప్పుడు ఆపరేషన్ మాట చూద్దాం. బరువు కూడా తగ్గాలి" అన్నాడు.

బస్సులో స్వామి కిటికీ వైపు చూస్తూ అన్నారు. "బరువు తగ్గాలంట. తద్దినాల భోజనాలు మానుకోమని నాకు చెప్తాండాడు." మళ్ళీ తనే, "గొంతే నాకు కూడు. మిషనే తెద్దాం" అన్నారు.

పులివెందుల దగ్గర ఆయన చేత పెళ్ళిళ్ళు చేయించుకునే చీనీ, అంటే బత్తాయి తోటల రైతు కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి పెద్దాయన మా వీధికి వచ్చినప్పుడు మిషన్ చూసి ఒక్క మాటలో తేల్చేశాడు. "మా తోటలో మెత్త పైపు లాంటిదే సామీ. మోటరు ఆడినంతసేపు నిలబడతాది. ఆపితే అతుక్కుంటాది." ఇన్నేళ్ళు పాఠం చెప్పిన నేను కూడా అంత తేటగా చెప్పలేకపోయాను.

మిషన్ వచ్చాక స్వామి ముఖం మారిపోయింది. ఒకరోజు వాకిట్లో నిలబడి, "తల బరువు ల్యేదు టీచరమ్మా. ఇన్నాళ్ళూ నేను పడుకున్యానే గానీ నిద్రపోల్యేదు" అన్నారు. మాస్కును తన చేత్తోనే కడిగి, మడిబట్టల దండెం మీద పంచె పక్కనే ఆరేసేవారు. దాన్ని ఇంకెవరూ తాకకూడదు. అలా తడిబట్టల మధ్య వేలాడుతుంటే చూసి నేను నవ్వితే, "అది కూడా మడి కట్టుకునిందిలే" అనేవారు.

ఆ మంచిరోజులు పెళ్ళిళ్ళ కాలం దాకే నిలిచాయి. తెల్లవారుజాము ముహూర్తమైతే పురోహితుడు ముందు రాత్రే పెళ్ళింటికి చేరి అక్కడే పడుకోవాలి. ఆ పులివెందుల వాళ్ళింట్లోనే కూతురి పెళ్ళి. స్వామి ముక్కుకు మాస్కు, గొట్టం పెట్టుకుని పడుకుని ఉండగా మగపెళ్ళివాళ్ళ ముసలమ్మ చూసింది. "ఆక్సిజన్ మీదుండే మనిషి చేత తాళి ముట్టించేదేంది? శుభమా, అశుభమా?" అంది. పెద్దాయన ఎంత చెప్పినా వినలేదు. ముహూర్తానికి వేరే పురోహితుణ్ణి పిలిపించారు. స్వామిని మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి చీనీరసం ఇచ్చారు. పెళ్ళంతా ఆయన ఆ గ్లాసు పట్టుకుని చూశారట.

మాట ఊళ్ళు తిరిగింది, పిలుపులు తగ్గాయి. బయటికి వెళ్ళినప్పుడు మిషన్ ఇంట్లో వదిలేసి చూశారు. మళ్ళీ కునుకుపాట్లు మొదలయ్యాయి. ఆపరేషన్ చేయించుకుంటానన్నప్పుడు నేను గట్టిగానే వాదించాను. ఆ ముసలమ్మను తిట్టాను కూడా.

"ఆయమ్మను అనొద్దు. పెండ్లంటే అందరికీ భయమే" అన్నారాయన. "మిషను ఊపిరి నిలబెడతాది టీచరమ్మా. పిలుపు నిలబెట్టదు. పిలుపు ల్యాకుంటే ఈ మంత్రాలు నేను ఎవరికి చదవల్ల?"



తిరుపతిలో ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్ళపాటు తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేవి. మాట ముక్కుతో పలికేది. చల్లారిన పాలు గుక్కగుక్కగా మింగుతూ, పెరట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా అచ్చుల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. గోడ ఇవతల నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. గొంతు చాలావరకు తిరిగి వచ్చింది, మునుపటి నిండుదనం మాత్రం రాలేదు. గురక పోయింది. పూర్తిగా పోయింది. వీధిలో అందరూ సంతోషించారు. మిషన్ అటకెక్కింది. పులివెందుల వాళ్ళు రెండో కొడుకు పెళ్ళికి ఆయన్నే పిలిచారు. ఆ పిలుపు వచ్చిన రోజు ఆయన నడకే వేరు.

గురక పోయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదని, మళ్ళీ ఒకసారి పరీక్ష చేయించుకోవాలని ఆసుపత్రిలో స్పష్టంగానే చెప్పి పంపారు. మేమందరం గుర్తుచేశాం. "గురక్యాడుంది ఇంక? సరే, ఆషాఢం రానీ. పెండ్లిండ్లు ఉండవు, తీరిగ్గా పోదాం" అన్నారు. ఊరందరికీ గడియ మనిషి కోసమని చెప్పిన మనిషి, తన ఒక్కడి విషయంలో మంచి రోజులన్నీ ఊరికిచ్చి, ఏ శుభానికీ పనికిరాని నెలను తనకు ఉంచుకున్నారు. ఆషాఢం రాకముందే పోయారు.

పోయింది ఆ జబ్బుతోనేనా? ప్రొద్దుటూరు డాక్టరును అడిగాను. గుండె ఆగి ఉంటుందని, ఎందువల్లో ఇప్పుడు చెప్పలేమని అన్నాడు. మిషన్ వాడుతూ ఉంటే బతికేవారేమో. ఆపరేషన్‌తో నిజంగానే నయమైందేమో, ఇది వేరే ఏదో అయి ఉంటుందేమో. ఈ రెండూ నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. నాకు దేని మీదా మనసు నిలవడం లేదు.

కర్మలన్నీ అయిపోయాక, నిన్న మధ్యాహ్నం అరటిపళ్ళు తీసుకుని వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి చాప మీద లేచి కూర్చుంది. చేతులకు గాజులు లేవు.

"గురక ఉన్నన్నాళ్ళూ అది ఆగితే నాకు మెలకువొస్తాండె టీచరమ్మా. తడతాంటి. ఆపరేషనైనంక ఆగేదానికి చప్పుడే ల్యాకపాయె" అంది. చాలాసేపు చీర కొంగు మడుస్తూ విప్పుతూ కూర్చుంది. "నేనూ నిద్రపోయినా. పెండ్లయినప్పటి నుంచి అంత నిద్ర నాకు ల్యేదు. ఆ రాత్రి గూడా శానా బాగా పట్టింది."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"నిద్దర్లో తెలీకుండా పోయినారని అందరూ అంటాండారు. నువ్వు చదివినదానివి. నిజంగానే ఆయనకు తెలీకుండా ఉంటాదా?"

"నాకు తెలీదక్కా" అన్నాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో. నోరు రాలేదు.

కాసేపటికి ఆవిడ అలాగే ఒరిగి పడుకుంది. నిద్రపట్టింది. తలుపు దగ్గరగా వేసి వద్దామని లేచాను. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. ఆ నిద్రలోనే ఆవిడ చెయ్యి పక్కకు జరిగింది, ఖాళీ చాప మీద మెల్లగా రెండుసార్లు తట్టి, అక్కడే ఆగింది.