ముందు వాళ్ళకు వినిపించు

మొన్న మా ఆడబిడ్డను తీసుకురావడానికి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళాను. బయట ఒకతను సామాను ట్రాలీలను పొడుగ్గా ఒకదానిలో ఒకటి దూర్చి నెట్టుకుంటూ పోతున్నాడు. ఆ గడగడ చప్పుడు వింటే నాకు మా తొమ్మిదో తరగతి తెలుగు మేడమ్ గుర్తొస్తారు. నవ్వకండి, సంబంధం ఉంది. సుభద్ర మేడమ్ కృష్ణా జిల్లా నుంచి వచ్చి రాజేంద్రనగర్‌లో స్థిరపడ్డారు. రోజూ కిక్కిరిసిన బస్సులో నిలబడి మా ఊరి హైస్కూలుకు వచ్చేవారు. ఆమె మాట్లాడితే మాకు రేడియోలో వార్తలు చదివినట్టుండేది. వెనక అచ్చం ఆమెలాగే మాట్లాడి పడీపడీ నవ్వుకునేవాళ్ళం.

శనివారం చివరి పీరియడు కవిత్వానిది. మొదటిసారి అమ్మ మీద రాయమన్నారు. అందరం అమ్మను వెన్నెల అనీ దేవత అనీ రాసి చేతులు దులుపుకున్నాం. మేడమ్ అన్నీ చదివి నన్ను లేపారు.

"మీ అమ్మ ఇప్పుడు, ఈ నిమిషాన, ఏం చేస్తూ ఉంటుందమ్మా?"

"అంగడికి పోయింది మేడమ్, కొత్తిమీర అమ్మనీకె."

"మరి ఇందులో కొత్తిమీర ఏదీ?"

క్లాసంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది. కానీ నిజంగా రాయడం మొదలుపెట్టింది ఆ రోజే.

ఆమె దగ్గర ఒక నియమం ఉండేది. ఎవరి మీద రాశామో ముందు వాళ్ళకు చదివి వినిపించాలి, వాళ్ళు సరేనంటేనే నలుగురిలో చదవాలి. మా చేను అమ్ముడుపోయాక బాపు విమానాశ్రయంలో ట్రాలీలు నెట్టే పనికి కుదిరాడు. దాని మీద ఇలా రాశాను:

ఎడ్లు లేని బండ్లు
మా బాపు నూకుతడు
సామాను ఎవలదో, ఏ ఊరిదో

మేడమ్ రెండోసారి కూడా చదివారు. మండలం పోటీలో స్టేజీ మీద చదవడానికి మా స్కూలు నుంచి ఒక్కరికే అవకాశం. "ఇదే పంపుదాం" అన్నారు. నా కాళ్ళు నేల మీద లేవు. "మీ నాన్నగారికి వినిపించావా?" అని వెంటనే అడిగారు.

ఆ సాయంత్రం బాపు అన్నం తింటుంటే చదివాను. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మంచిగున్నది బిడ్డా. గిది మైకుల సదువుతవా?"

"అవ్ బాపు."

"వద్దు. నేను సూపర్‌వైజర్ అని ఊర్ల అందరికి చెప్పిన. నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఏడ్చాను, అలిగాను. బాపు కరగలేదు. మర్నాడు మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. "మీరు ఒక్క మాట చెప్తే ఇంటడు మేడమ్!"

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "ఆ బతుకు ఆయనదమ్మా. వద్దన్నారు కదా, ఇక అంతే. ఇంకొకటి రాయి."

ఇంకొకటి రాలేదు. పోటీకి వేరే అమ్మాయి వెళ్ళింది. మేడమ్ మీద నాకు కోపం చాన్నాళ్ళు తగ్గలేదు, ఆమె కనిపిస్తే తల తిప్పుకునేదాన్ని. బాపు మాత్రం "పోటీల సదివినవా?" అని అడిగాడు. లేదన్నాను. ఆ తర్వాత నేను కలం పట్టుకుంటే చాలు, "ఏం రాసినవ్, సదువు" అని దగ్గరికొచ్చి కూర్చునేవాడు. అంతకుముందు మా మధ్య అన్నేసి మాటలుండేవి కావు.

ఇప్పుడు నేను రావిర్యాల దగ్గర ఒక స్కూల్లో తెలుగు చెబుతున్నాను. మా పిల్లలకూ అదే నియమం. "మా అత్తమ్మకు సదివితే కొడ్తది మేడమ్" అని గునుస్తారు. అయినా నేను వదలను.

ఇది రాసి మేడమ్‌కు ఫోన్ చేశాను. మీ గురించి రాశాను, వినండి అన్నాను.

"మీ నాన్నగారు విన్నారా?"

"ఇంకా లేదు."

"ముందు ఆయన. తర్వాత నేను."

ఆమె మారలేదు, మారరు. ఫోన్ పెట్టేసి బాపు దగ్గరికి వెళ్ళి చదివాను. సూపర్‌వైజర్ మాట దగ్గర తలెత్తి బాపును చూశాను. బాపు చిన్నగా నవ్వాడు. చివరిదాకా విని అడిగాడు.

"అంత రాసినవ్, మరి గా బండ్ల కవిత ఏది?"

"నువ్వు వద్దన్నవు గద బాపు."

"అప్పుడన్న. ఇగ పెట్టు."

పైన ఉన్న మూడు పాదాలు ఆ తర్వాత చేర్చినవే.