సరిపడని బ్రేకు సిలిండరు

పాత కార్ల విడిభాగాలు అమ్మే ఆ దుకాణంలో ఇరవై ఆరేళ్ళుగా కౌంటరు వెనక కూర్చునే మనిషిని మెకానిక్కులందరూ డౌటక్క అంటారు. ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. బండి ఏ సంవత్సరానిదో మీరు చెబితే నమ్మదు. డబ్బా మీద రాసున్నదీ నమ్మదు. విప్పిన పాత ముక్క చేతిలో పెట్టాలి. దాన్ని కొలిచాకే లావుపాటి కేటలాగు తెరుస్తుంది. "నీకు నీ నీడ మీద కూడా అనుమానమేనే," అంటుంది ఇంట్లో వాళ్ళమ్మ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అలా ఉండేది కాదు. ఒక మెకానిక్కు నోటిమాట మీద బ్రేకు గొట్టం ఇచ్చేసింది. అది పిసరంత వదులు. మూడో రోజు దిగుడు రోడ్డులో ఊడిపోయి బండి గోడను గుద్దింది. నడుపుతున్నాయన కాలు ఆ తరవాత సరిగ్గా ఆననే లేదు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. తనే ఒకరోజు ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి అడుగుపెట్టలేక తిరిగొచ్చింది.

అలాంటి మనిషి దగ్గరికి రిటైరైన పళ్ళ డాక్టరొకాయన వచ్చాడు. ఆయన దగ్గర టాపు లేని, రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది. ఎప్పుడో యాభై ఏళ్ళ నాటిది. బానెట్ కింద ఉన్న నంబరు రేకు ఫొటో, అచ్చుగుద్దినట్టున్న చేతిరాతలో కావలసినవాటి జాబితా తెచ్చాడు. ముందు హెడ్‌లైటు రింగు, నీళ్ళ పంపు తెప్పించింది. రెండూ అతికినట్టు సరిపోయాయి. తరవాత వెనక బ్రేకు సిలిండరు అడిగాడు.

"పాత ముక్క ఏది సారూ?"

"బండి నా దగ్గరికి వచ్చేటప్పటికే అది లేదమ్మా."

బ్రేకు ముక్క లేకుండా బండి చేతులు మారిందా? ఆ మాట ఆమెకు మింగుడు పడలేదు. అయినా రేకు మీది నంబరు ప్రకారం విదేశంలోని డీలరుకు ఆర్డరు పెట్టింది. అయిదు వారాలకు వచ్చింది. సరిపడలేదు. మార్చి తెప్పిస్తే అదీ సరిపడలేదు. వెనక లైటు రబ్బరుదీ అదే కథ.

"మీకు అసలు సరుకే వస్తుందా అని నాకు అనుమానంగా ఉందమ్మా," అన్నాడు డాక్టరు మెత్తగానే.

ఆమెకు ఒళ్ళు మండింది. ఈయనే మంచిది ఉంచుకుని, ఎక్కడో కొన్న నకిలీది తిరిగిస్తున్నాడేమో! పెద్దమనిషి తరహా చూసి మోసపోవడం లోకంలో కొత్తా? మూడో సిలిండరు ఇచ్చేముందు దాని లోపలి అంచున గోళ్ళరంగు చుక్క ఒకటి పెట్టింది. నాలుగు రోజులకు అదీ వెనక్కి వచ్చింది. డాక్టరు వెళ్ళగానే తిప్పి చూసింది. చుక్క అలాగే ఉంది.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆయన నిజమే చెబుతున్నాడు. మరి అబద్ధం ఎక్కడుంది? ఆర్డరు కాగితాలన్నీ బల్ల మీద పరిచింది. సరిపోయినవన్నీ సీటుకు ముందున్నవి. సరిపడనివన్నీ సీటుకు వెనకున్నవి.

ఆదివారం టార్చి, కొలత పరికరం సంచిలో వేసుకుని డాక్టరుగారింటికి వెళ్ళింది. షెడ్డులో కారు కింద దూరిన ఆడమనిషిని చూసి డాక్టరు భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరండీ ఈవిడ?"

"నేను చెబుతుంటానే, ఆ డౌటక్క."

"ఆవిడకు డౌటయితే నాకూ డౌటే," అంటూ ఆమె స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది.

వెనక బ్రేకు డ్రమ్ము ఉండాల్సిన దానికన్నా చిన్నది. అది అంతకుముందు మోడలుది. డౌటక్క సీట్ల వెనక చాప ఎత్తి స్క్రూడ్రైవరుతో రంగు గీకింది. పుట్టీ పొరలుగా రాలింది. దాని కింద ఈ పక్కనుంచి ఆ పక్కకు వెల్డింగు గీత.

"రెండు కార్లు కోసి అతికించారు సారూ. ముందు సగం ఒకదానిది, వెనక సగం ఇంకోదానిది. స్పీడులో బ్రేకు కొడితే ఈ అతుకు ఆగుతుందని నేను చెప్పలేను."

డాక్టరు వంగి ఆ గీత మీద వేలు పెట్టి చూశాడు. భార్య వంక చూడకుండా, "ఇది మా బావమరిది ఇచ్చిన కారమ్మా," అన్నాడు.

"వాడికి తెలిసుండదు," అంది భార్య వెంటనే. అని, అక్కడే తమ్ముడికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"ఒరే, ఈ కారు వెనక సగం ఎక్కడిదిరా?"

సగమేంటక్కా అని అతను అడగలేదు. "ఎవరు చూశారు?" అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసింది. "గుమ్మడికాయల దొంగ అంటే..." అని మొదలుపెట్టిన డాక్టరు, భార్య ముఖం చూసి మిగతాది మింగేశాడు.

కారును అమ్మేయాలనుకున్నారు గానీ ఇంకొకరి నెత్తిన పెట్టడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. బస్సు బాడీలు కట్టే మేస్త్రీ ఒకాయన ఆ అతుకంతా కోసి, లోపల మందపాటి పట్టీలు వేసి మళ్ళీ కలిపాడు. నాలుగు నెలలు పట్టింది. ఈలోగా డౌటక్క ఆ ఒక్క కారుకు ముందు సగానికొకటి, వెనక సగానికొకటి చొప్పున విడిభాగాల వివరాలు రాసే కార్డులు రెండు తెరిచింది. వెనక ముక్కలకు సంవత్సరం రాయడం మానేసి, కొలతలతో బొమ్మ గీసి పంపింది. డీలరు రెండుసార్లు ఎదురు ప్రశ్నలు వేశాడు. ఆమె మూడుసార్లు వేసింది. ఈసారి వచ్చిన సిలిండరు చేత్తో నొక్కగానే కూర్చుంది.

కారు రోడ్డెక్కిన రోజు డాక్టరు రమ్మంటే, "ఒక నెల తిరగండి సారూ, అప్పుడు చూద్దాం," అంది. నెల తరవాత కూడా తను పక్కన నిలబడి మూడుసార్లు బ్రేకు కొట్టించుకుని గానీ ఎక్కలేదు.

అప్పటికి స్టీరింగు దగ్గర డాక్టరు భార్యే ఉంది. కొత్తగా నేర్చుకుంటోంది. వీధి మలుపు దాటాక అడిగింది.

"మావాడికి మొదట్నుంచీ తెలుసంటావా?"

"తెలుసమ్మా."

"నేనూ అదే అనుకున్నాలే."

రెండో గేరు వేయబోతే బండి కీచుమంది. డౌటక్క తలుపు పిడి గట్టిగా పట్టుకుంది.