రత్నరాజు బిగించిన చక్రాలు

కారు చక్రం బిగించేటప్పుడు రత్నరాజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాడు. ముందుగా తీగ బ్రష్‌తో చక్రం ఆనే చోటంతా రుద్దేవాడు. బోల్టుల మరలను పొడిగుడ్డతో తుడిచి, నట్లను వేళ్ళతో ఎక్కినంతవరకు ఎక్కించేవాడు. ఆ తర్వాత ఎదురెదురు నట్లను జతలుగా, రెండు విడతల్లో బిగించేవాడు. రెండో విడతకు టార్క్ రెంచి తీసేవాడు. నిర్ణయించిన బలం పడగానే టిక్కుమని ఆగమని చెప్పే పొడవాటి పానా అది. చివరగా ప్రతి నట్టు మీద నుంచి చక్రం మీదికి తెల్లరంగుతో సన్నని గీత గీసేవాడు. నట్టు ఏ మాత్రం కదిలినా ఆ గీత రెండు ముక్కలై కనిపిస్తుంది.

ఈ పద్ధతి అతనికి ఊరికే రాలేదు. పామిడిముక్కల దగ్గరి పల్లెలో 1956లో పుట్టి, పదో తరగతి అయ్యాక గుడివాడలో లారీ టైర్ల షాపులో చేరాడు. 1979లో ఒకనాడు గాలి కొడుతుండగా, గాడిలో సరిగ్గా పడని, టైరును పట్టి ఉంచే ఇనప రింగు ఒకటి ఎగిరి, అతని ఎడమచేతి చిటికెన వేలి మొదటి కణుపును తీసుకుపోయింది. ఆ రింగు పెట్టింది అతను కాదు. పెట్టినవాడు "చూసే పెట్టానురా" అన్నాడు. చూడటం వేరు, సరిచూడటం వేరు అని రత్నరాజుకు ఆనాడు తెలిసింది. 1988లో బందరు వచ్చి సొంత షాపు పెట్టాడు. భార్య సంతోషమ్మ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఇంట్లో లెక్కలు చెప్పేది ఆమె, కొలతలు తీసేది ఇతను అని ఆమె నవ్వుతూ చెప్పేది.

2006 జూన్ మొదటి వారంలో కొండలరావు తన తెల్ల ఎస్టీమ్ కారుతో షాపుకు వచ్చాడు. కోడూరు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె అతనిది. బందరు పక్కనున్న గిలకలదిండి రేవులో సొంత బోటు ఉంది. గుడివాడలో ఒక పెళ్ళికి వెళ్ళి, అక్కడ పదిహేను ఇంచీల అలాయ్ వీల్స్ వేసిన కారును చూసి వచ్చాడు.

"నాకూ పదిహేనే కావాలి రాజు గారూ. టైరు లావుగా, బండి ఎత్తుగా ఉండాలి. కరకట్ట మీద వెళ్తుంటే ఎవరిదో అని చూడాలి."

రత్నరాజు టేపు తీశాడు. ఆ కారుకు కంపెనీ ఇచ్చినవి పదమూడు ఇంచీల ఇనప డిస్కులు. టైరుతో కలిపి చక్రం ఎత్తు యాభై ఏడున్నర సెంటీమీటర్లు. కొండలరావు కోరిన చక్రానికి అది అరవై ఒకటిన్నర అవుతుంది.

"నాలుగు సెంటీమీటర్లు పెరుగుద్దండీ. ఐదుగురు ఎక్కి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకి ఒరుసుకుంటుంది. మీటరు అరవై చూపిస్తే బండి అరవై నాలుగులో ఉంటుంది. పద్నాలుగు ఇంచీలది వేస్తాను. టైరు గోడ కాస్త తక్కువది వేస్తే మొత్తం ఎత్తులో తేడా పావు సెంటీమీటరు కూడా రాదు."

"పద్నాలుగంటే ఎవరన్నా చూస్తారా?"

"చూడకపోవచ్చండీ. బండి మాత్రం తిరుగుద్ది."

కొండలరావు సణుగుతూనే ఒప్పుకున్నాడు. నాలుగు చక్రాలకు కలిపి పదహారు నట్లు. రత్నరాజు పదహారు గీతలు గీసి, తాళం ఇస్తూ ఒక మాట చెప్పాడు. కొత్త అలాయ్ మెత్తని లోహం. నట్టు కూర్చునే చోటు మొదట్లో కొంచెం సర్దుకుంటుంది. అందుకని నూరు కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్ళీ తెస్తే టార్క్ రెంచితో సరిచూస్తాను అన్నాడు. కొండలరావు రాలేదు. రత్నరాజు రెండుసార్లు ఫోన్ చేశాడు. చేపల వేట నిషేధం ముగిసి బోట్లు సముద్రం మీదికి వెళ్ళాయనీ, తీరిక లేదనీ రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

సెప్టెంబరు రెండో ఆదివారం అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్తుండగా ఆ కారు ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. వేగం నలభై లోపే. చక్రం వరిచేలోకి దొర్లిపోయింది. కారు రోడ్డు పక్కన కంకర గుట్టను ఢీకొని ఆగింది. ముందు సీట్లో కూర్చున్న కొండలరావు తల్లి నాంచారమ్మ చేయి అడ్డం పెట్టుకోవడంతో కుడి మణికట్టు విరిగింది. ముప్పై ఏళ్ళు చేపల గంప మోసిన చెయ్యి అది.

మర్నాడే కొండలరావు గిలకలదిండి రేవులో, చేపల వేలంపాట జరిగే చోట, ఇరవై ముప్పై మంది వింటుండగా అన్నాడు: "రాజు బిగించిన చక్రం ఊడిపోద్ది. మా అమ్మని చంపేసేవాడు."

కారును ఎవరూ పరీక్షించలేదు. ఊడిన చక్రాన్ని ఎవరూ తిప్పి చూడలేదు. విరిగిన బోల్టులు ఎలా విరిగాయని ఒక్కరూ అడగలేదు. అయినా మాట రేవు దాటి బందరంతా తిరిగింది. రేవు నుంచి వచ్చే బళ్ళు పది రోజుల్లో ఆగిపోయాయి. అక్టోబరులో ఒక మాస్టారు రత్నరాజు చేత టైరు మార్పించుకుని, ఆ బండిని నేరుగా ఎదుటి పంక్చరు షాపుకు తీసుకెళ్ళి, "నట్లు ఒకసారి చూడబ్బాయ్" అన్నాడు. ఆ పంక్చరు షాపతను కాలితో పానా తొక్కి బిగిస్తాడు. పద్దెనిమిదేళ్ళు కొలిచి బిగించిన మనిషి పనిని, ఏనాడూ కొలవని మనిషి సరిచూశాడు. రత్నరాజు ఆ రోజు అన్నం ముట్టలేదని సంతోషమ్మ చెప్పింది.

ఆ తర్వాత పెద్దమనుషులు వచ్చారు. ఒకరు రేవులో ఐసు ఫ్యాక్టరీ ఉన్న దుర్గారావు. రెండోవారు రత్నరాజు వెళ్ళే చర్చిలో పెద్ద, పున్నయ్య. ఇద్దరూ మంచివాళ్ళే. చిక్కంతా అక్కడే వచ్చింది.

"కొండలరావుకి నీ దగ్గర పైసా అక్కర్లేదు రాజూ," అన్నాడు దుర్గారావు. "పొరపాటు జరిగిందని ఒక్క మాట అనేస్తే పోద్ది. మళ్ళీ అందరూ నీ దగ్గరికే వస్తారు."

"ఏ పొరపాటండీ?"

"ఏదో ఒకటి. మనుషులన్నాక జరగదా?"

"ఏదో ఒకటంటే ఏది? ఏ నట్టు? ముందుదా, వెనకదా? నేను బిగించకుండా వదిలేశానా, ఎక్కువ బిగించానా? ఏది ఒప్పుకోమంటారో అదన్నా చెప్పండి."

పున్నయ్య గొంతు తగ్గించాడు. "మనిషి తనని తాను తగ్గించుకోవడంలో తప్పేముంది, రాజూ?"

"తగ్గించుకుంటానండీ. మీరు కూర్చోమంటే నేల మీద కూర్చుంటాను. అబద్ధం మాత్రం ఆడను."

"అబద్ధమని ఎవరన్నారు? సర్దుకుపోవడం అంతే."

"చక్రం సర్దుకోలేదండీ, ఊడింది! ఎందుకు ఊడిందో మీలో ఒక్కరన్నా చూశారా? ఆవిడ చెయ్యి విరిగింది. రేపు ఇంకొకరి మెడ విరుగుద్ది. నేను పొరపాటని అంటే మీ అందరి మనసులూ చల్లబడతాయి. కారణం మాత్రం ఆ బండిలోనే కూర్చుని ఉంటుంది."

 "అయితే ఏం చేద్దామంటావు?" అని అడిగాడు దుర్గారావు.

"మీరు నాతో రండి. బండి చూద్దాం."

మర్నాడు ఉదయం రత్నరాజు, దుర్గారావు ఇద్దరూ చల్లపల్లి, అవనిగడ్డల మీదుగా బస్సులో కోడూరు వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో ఆ పల్లె చేరారు. టార్క్ రెంచి ఉన్న చెక్కపెట్టె దారి పొడవునా రత్నరాజు ఒళ్ళోనే ఉంది. కొండలరావు ఇంటి పక్క రేకుల షెడ్డులో కారు మూడు చక్రాల మీద నిలబడి ఉంది. నాలుగో చక్రం ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చారు. నాంచారమ్మ కట్టు కట్టిన చేతితో అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏంటి రాజు గారూ, మిగతా మూడూ కూడా ఊడదీయడానికొచ్చారా?" అన్నాడు కొండలరావు.

రత్నరాజు పెట్టె కింద పెట్టాడు. మూడు చక్రాల దగ్గరా వంగి, పన్నెండు నట్లనూ ఒకటొకటిగా చూశాడు. పదకొండింటికి గీతలు కలవడం లేదు. నట్టు మీది ముక్క ఒకవైపు, చక్రం మీది ముక్క మరోవైపు ఉన్నాయి. ఒక్కదానికి మాత్రం కలిసినట్టే కనిపించింది. దాన్ని లెక్కలోంచి తీసేయండని అతనే దుర్గారావుకు చెప్పాడు.

"నేను బిగించాక ఈ నట్లు ఎవరో విప్పారండీ," అన్నాడు.

"ఎవరు విప్పుతారు? దయ్యాలా?" అన్నాడు కొండలరావు, కానీ గొంతులో ముందున్న జోరు లేదు.

రత్నరాజు ఒక నట్టు విప్పి దుర్గారావు అరచేతిలో పెట్టాడు. మరల నిండా, నట్టు కూర్చునే ఏటవాలు అంచు నిండా ఆకుపచ్చని గ్రీజు. దుర్గారావు వాసన చూశాడు. రేవులో పుట్టి పెరిగిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అరుగు మీద నుంచి నాంచారమ్మే అంది: "అది బోటు గ్రీజు కాదంట్రా? ఒరేయ్ కొండలూ, వానాకాలం మొదట్లో చక్రాలన్నీ ఊడదీసి, డబ్బా పక్కన పెట్టుకుని పూశావు చూడు, అదేనా? నేనడిగితే, నీకేం తెలుసు అవతలికి పో అన్నావు. పైపు తొడిగి, పానా మీద ఎక్కి గెంతావు కూడాను!"

"అమ్మా, నువ్వూరుకో."

"ఎందుకూరుకుంటాను? చెయ్యి నాది!"

కొండలరావు షెడ్డు స్తంభానికి ఆనుకున్నాడు. నేల చూస్తూ అన్నాడు: "ఉప్పుగాలికి నట్లు పట్టేస్తాయి. మా నాన్న బోటు మీద ఒక్క నట్టు కూడా గ్రీజు లేకుండా వదిలేవాడు కాదు. నేను మర్చిపోతే తాడు తీసుకుని కొట్టేవాడు. మంచికే పూశాను."

అతను అబద్ధం చెప్పలేదు. తీరంలో ఇంజను మీద నట్టును కాపాడేది గ్రీజే. కారు చక్రం సంగతి వేరు. పొడి నట్టును తిప్పేటప్పుడు మనం పెట్టే బలంలో పదింట సుమారు తొమ్మిది వంతులు రాపిడికే పోతుంది, ఒక్క వంతు మాత్రమే బోల్టును లాగి చక్రాన్ని పట్టి ఉంచుతుంది. గ్రీజు పూస్తే రాపిడి తగ్గి, అంతే బలానికి లాగుడు ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెట్టింపు కావచ్చు. పైగా పైపు తొడిగి, మనిషి బరువుతో గెంతితే బోల్టు సాగుతుంది, అలాయ్ అంచు నలుగుతుంది, నలిగిన చోట పట్టు పోతుంది. ఊడిన చక్రం షెడ్డు మూలలోనే ఉంది. రత్నరాజు దాన్ని దొర్లించుకొచ్చి, నలిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిన నాలుగు రంధ్రాలూ దుర్గారావుకు చూపించాడు. కారుకు చక్రం బిగించే హబ్బు మీద రెండు బోల్టులు మొదలంటా తెగి ఉన్నాయి. మిగిలిన రెండింటి మరలు అరిగిపోయాయి.

"తేలిపోయిందిగా," అన్నాడు దుర్గారావు, తేలికపడి. "ఇద్దరిదీ మంచి మనసే. ఇంక ఇక్కడితో వదిలేయండి."

రత్నరాజు ముఖం ఎర్రబడింది. పద్దెనిమిదేళ్ళలో అతను గొంతు పెంచగా తాను వినడం అదే మొదటిసారని దుర్గారావు తర్వాత అన్నాడు.

"ఇక్కడితోనా?" అంటూ కొండలరావు వైపు తిరిగాడు. "ఇక్కడ అన్నారా ఆ మాట? షెడ్డులో, మీ అమ్మగారి ముందు అన్నారా? రేవులో అన్నారు. పాట దగ్గర అన్నారు. రెండు నెలలు నా భార్య బడికెళ్తే, మీ ఆయన చక్రాలు ఊడిపోతాయటగా అని పిల్లల తండ్రులు అడిగారు. ఎక్కడ అన్నారో అక్కడే చెప్పండి. అంతే గొంతుతో చెప్పండి."

"మరి గ్రీజు పూయొద్దని మీరు చెప్పలేదుగా?" అన్నాడు కొండలరావు చటుక్కున.

 రత్నరాజు దుర్గారావు చేతిలోని నట్టు తీసుకుని చూశాడు.

"చెప్పలేదు," అన్నాడు. "నూరు కిలోమీటర్లకి రమ్మన్నాను. గ్రీజు మాట ఎత్తలేదు. ఇన్నేళ్ళు ఉప్పుగాలిలో షాపు పెట్టుకుని, పూసేవాళ్ళు ఉంటారని నాకు తట్టలేదు. అది నాది. అది నేనూ అక్కడే చెప్తాను. మీది మీరు చెప్పండి."

"వెళ్ళరా," అంది నాంచారమ్మ. "నేనూ వస్తాను. నువ్వు మింగేస్తే నేను చెప్తాను."

నాలుగు రోజుల తర్వాత, ఉదయం ఏడున్నరకు, గిలకలదిండిలో చేపల పాట కాసేపు ఆగింది. కొండలరావు గంపల మధ్య నిలబడి ఏదో గొణిగాడు.

"వినపడలేదండీ," అన్నాడు రత్నరాజు.

"నట్లు విప్పింది నేను," అన్నాడు కొండలరావు గట్టిగా. "గ్రీజు పూసింది నేను. ఎక్కి గెంతింది నేను. రాజు గారి పనిలో తప్పు లేదు. తెలియకుండా అన్నాను."

వెనక నుంచి ఎవరో, "బోటుకి అలాయ్ వీల్స్ ఎప్పుడేయిస్తున్నావు బావా?" అన్నారు. కొంతమంది నవ్వారు. రత్నరాజు నవ్వలేదు.

"నేను నూరు కిలోమీటర్లకి రమ్మన్నాను," అన్నాడు. "గ్రీజు పూయొద్దని చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. చక్రం నట్టుకి గ్రీజు పూయకండి. మర మీదా వద్దు, అంచు మీదా వద్దు."

నవ్వులు ఆగాయి.  ఆ తర్వాత ఐసు లారీ పక్కన నిలబడ్డ ఒకతను మెల్లగా అడిగాడు: "పూసేసిన వాళ్ళు ఏం చెయ్యాలండీ?"

"ఎవరు పూశారు?"

అతను చెయ్యెత్తాడు. అతని వెనక మరొకరు ఎత్తారు. గంపల అవతల నుంచి ఇంకో రెండు చేతులు లేచాయి. చివరికి ఎత్తిన చేతులు ఏడు. వాటిలో ఒకటి దుర్గారావుది.

రత్నరాజు ఆ ఏడుగురినీ వరసగా చూశాడు. "మీరందరూ పూశారా?" అన్నాడు. "మీ బళ్ళ నట్లన్నిటికీ గ్రీజు పెట్టుకుని, రెండు నెలలు నన్ను అన్నారా?"

 దుర్గారావు చెయ్యి దించి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున తొమ్మిదికి షాపుకి తీసుకురండి," అన్నాడు రత్నరాజు, ఇంకా అదే గొంతుతో. "మెల్లగా నడుపుకుంటూ రండి. ఒక్కొక్కరే రండి. ఎక్కి గెంతినవాళ్ళుంటే ముందే చెప్పండి, బోల్టులు మార్చాలి."

ఇద్దరు తలలు దించుకుని, తాము గెంతామన్నారు. రత్నరాజు జేబులోంచి కాగితం తీసి వాళ్ళ పేర్లు అడిగి రాసుకున్నాడు.