అడగకుండా మూసే పాఠం

జగిత్యాల చుట్టుపక్కల ఎక్కడ బోరు వేసినా తెల్లటి రాతిపొడే లేస్తుంది తప్ప నూనె వాసన తగలదు. అయినా ఆ గడ్డమీద ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది గల్ఫు నూనెబావుల పుణ్యమానే. ఎడారిలో పుట్టినవాడు నీళ్లను కలగంటాడు, వాగు పక్కన పుట్టినవాడు ఎడారికి టిక్కెట్టు కొంటాడు. లోకం తీరే అంత. ఆ మాట అలా ఉంచి, కళ్యాణి సంగతికి వద్దాం.

కళ్యాణి కోరుట్ల ఆడబిడ్డ. సిరిసిల్ల అంచున ఉన్న ఒక ఇంజనీరింగు కాలేజీలో పెట్రోలియం పాఠాలు చెబుతుంది. బావి తిరగబడితే అదుపు చేయడమెలాగో నేర్పే కోర్సొకటి ఆమె సొంతంగా తయారు చేసుకుంది. దాన్ని ఉంచాలో తీసేయాలో తేల్చడానికి ఆ పొద్దున యూనివర్సిటీ పెద్దలు వచ్చారు.

నూనెబావి తవ్వేటప్పుడు పైనుంచి చిక్కటి బురద పంపుతారు. దాని బరువే కింది గ్యాసును అణచి ఉంచుతుంది. తొట్టిలో బురద మట్టం దానంతట అది ఎక్కిందంటే కిందినుంచి గ్యాసు తోస్తున్నట్టు. వెంటనే బావి మూతి మూయాలి. కళ్యాణి గాజులాంటి ప్లాస్టిక్ పైపులతో అలాంటి బావినే లాబులో నిలబెట్టింది. బురదకు బదులు మగ్గాల నూలుకు పట్టించే గంజి. గ్యాసుకు బదులు పంక్చరు షాపు కంప్రెసరు గాలి.

ఈ పాఠం పుట్టింది ఆమె అన్న జగదీశ్ అరచేతుల్లోంచి. గల్ఫులో నూనెబావి తవ్వే రిగ్గు మీద తొట్టి కనిపెట్టుకుని ఉండడమే అతని పని. ఆ బావి అంటుకున్న నాటినుంచి ఆ అరచేతులు కాలిన మచ్చలతో నున్నగా మెరుస్తాయి.

"చూసిన చెల్లె, కండ్లార చూసిన. గని సాబు ఫోన్ల మాట్లాడుతుండె. అడ్డంబోతె ఏమనుకుంటడో అని నిలవడ్డ."

అన్న ఒక్కడి తప్పు కాదది. పెద్దలు మాట్లాడుతుంటే నోరెత్తకపోవడమే ఈ వైపు మర్యాద. మొదటి ఏడు లాబులో తెలివైన పిల్లవాడే తొట్టి ఎక్కడం చూసి, "మూయాల్నా మేడం?" అని వినయంగా అడిగాడు. అడిగేలోపల గంజి పైకప్పును కొట్టింది. ఆ మరకకు కళ్యాణి నేటికీ సున్నం వేయనివ్వలేదు. ఆ ఏడే కోర్సు తిరగరాసింది. తొట్టి ఎక్కితే ఎవరినీ అడగొద్దు. ఉత్త అనుమానంతో మూసినా మార్కు పోదు, అడిగితే పోతుంది. సగం మార్కులు దీనికే.

వచ్చిన పెద్దల్లో ముఖ్యుడు నర్సింగం సార్. కళ్యాణికి చదువు చెప్పిన గురువు. బావి మూతి మూసే ఎర్ర పిడి దగ్గర ఆమె విద్యార్థిని, మల్లాపూర్ పిల్ల సింధూజ నిలబడింది. హాజరు పిలిస్తే పక్క పిల్ల "ఉన్నది మేడం" అనాల్సినంత నెమ్మది.

"గీ గంజి, గీ పైపులు ఎందుకమ్మా కళ్యాణీ? కంప్యూటర్ల చూపియ్యరాదు?" సార్ ఉపన్యాసం అందుకున్నాడు. "దీనికే సగం మార్కులంటే..."

బల్ల వెనుక గాలి వాల్వు మీద కళ్యాణి చెయ్యి ఉంది. ఇంకా తిప్పలేదు. అయినా తొట్టిలో మట్టం లేచింది.

సింధూజ గంజి పంపే మోటారు ఆపి ఎర్ర పిడి తిప్పేసింది. సార్ మాట మధ్యలో తెగింది.

"ఏమైంది?"

"తొట్టి... ఎక్కింది సార్."

తొట్టి వెనుకనుంచి అటెండరు భూమయ్య బకెట్టుతో లేచాడు. "నేనే వోసిన సార్. పెద్దోళ్లచ్చిండ్రు, నిండుగ కనవడాలె గదా అని."

గది గొల్లుమంది. సార్ కళ్లు తుడుచుకున్నాడు. "గంజివోస్తె గూడ బావి బందా! జర అడుగుతె నీ సొమ్మేం పోయేది బిడ్డా?"

సింధూజ ముఖం కందగడ్డయింది. "సారీ సార్," అని పిడి తెరిచి, మోటారు వేసింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

ఆ చేతులను చూడగానే కళ్యాణికి అర్థమైంది. ఈ పిల్ల ఇక జన్మలో అడగకుండా పిడి ముట్టదు. ఏడాది చెప్పిన పాఠం ఒక్క నవ్వుకు కొట్టుకుపోయింది. సార్ ఉపన్యాసం ముగించాక, ఆయన అనుమతి తీసుకుని గాలి వదలాలని ముందు అనుకుంది ఆమె. ఇప్పుడు ఆగలేదు. నవ్వులు సాగుతుండగానే వాల్వు తిప్పేసింది.

మట్టం కదిలింది. సింధూజ చూసింది. చెయ్యి ముందుకొచ్చి గాలిలోనే ఆగింది. సార్ వైపు చూసింది. ఆయన పక్కాయనకు బకెట్టు ముచ్చటే మళ్లీ చెబుతున్నాడు. మేడం వైపు చూసింది.

'మూయ్' అన్న మాట కళ్యాణి గొంతుదాకా వచ్చింది. పళ్లు బిగించి, ముఖం పైకప్పు మరక వైపు తిప్పుకుంది. పైపులో బుడగలు లేస్తున్నాయి. గంజి చుక్క ఎగిరి సార్ మోచేతి మీద పడింది.

మోటారు ఆగింది. పిడి కిర్రుమంది. గాలి కిందే చిక్కి నిలిచిపోయింది.

సార్ నవ్వు ఆగింది. చుక్కను చూశాడు, మూతి బిగిసిన పైపును చూశాడు.

"ఇప్పుడు ఎవలనడిగినవ్ బిడ్డా?"

"ఎవల్నడగలే సార్." ఆ గొంతు చివరి బెంచీదాకా వినిపించింది.

సార్ చేతిరుమాలు తీసి మోచేతి మీది చుక్క తుడుచుకున్నాడు. "సగం మార్కులు గట్లనే ఉండనియ్యి కళ్యాణీ." భూమయ్య వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం అడిగి పొయ్యవయ్యా."

భూమయ్య బకెట్టును వీపు వెనుక దాచుకున్నాడు. వాల్వు మీద బిగిసిపోయిన తన వేళ్లను కళ్యాణి ఒక్కొక్కటే విప్పుకుంది.