సత్తయ్య గొంతు, సగం ఉల్లిగడ్డ

తెల్లవారి ఐదూ నలభైకి ఎల్బీనగర్ చౌరస్తాలో లారీ దిగాం. మార్చి నెల, అప్పటికే ఉక్క. మనిషికో హెల్మెట్, లాఠీ, డాలు. నాకు అదనంగా మందుల సంచి. మా కేంద్ర బలగాల కంపెనీకి నేను నర్సింగ్ అసిస్టెంటుని. అంతకుముందు మూడేళ్లు మా బలగం ఆసుపత్రి స్కాన్ గదిలో పనిచేశాను. మాకిచ్చిన బస దిల్‌సుఖ్‌నగర్‌లో మూతపడ్డ కోచింగ్ సెంటర్. నల్లబల్ల మీద సగం చేసిన లెక్క ఉంది. ఉన్న నలభై రోజులూ దాన్ని మేమెవరం చెరపలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. టీవీలో మీరు చూసింది రాళ్లూ పొగే. నాకు గుర్తున్నది సత్తయ్య. రోజూ పదింటికి చౌరస్తాలో జనం, ఎదురుగా మేం. ముందు నిలబడి నినాదం ఎత్తుకునేది ఆయనే. అరవై దాటాయి. గడ్డిఅన్నారం మార్కెట్‌లో బత్తాయి వేలంపాట పాడే గొంతు, మైకు అక్కర్లేదు. మమ్మల్ని తిట్టినా వినబుద్ధయ్యేది. నిజం చెప్పొద్దూ, ఆయన రాని రోజు డ్యూటీ చప్పగా ఉండేది.

బాష్పవాయువు మంటకు విరుగుడని జనం జేబుల్లో సగం కోసిన ఉల్లిగడ్డ పెట్టుకునేవారు. పన్నెండో రోజు బంద్. పదకొండూ పదికి ఆర్డరొచ్చింది. గ్యాస్ గన్ జవాను రెండు షెల్స్ వదిలాడు. మధ్యాహ్నం రెండింటికి సత్తయ్య మా బస గేటు ముందున్నాడు, ఎడమ కంటికి ఉల్లిగడ్డ అదుముకుని.

"మీ గ్యాస్‌తోని నా కన్ను వోయింది! గీ కంటికి జవాబెవడు చెప్తడు?"

గ్యాస్ గన్ జవాను ముఖం పాలిపోయింది. నేను కుర్చీ వేశాను.

"బాగా మండిందా పెద్దాయనా?"

"మంట లేదు, నీళ్లు లేవు. పరదా దించినట్టు నల్లగయింది. పావుగంటకు మల్ల కనవడ్డది. మొన్న మార్కెట్ల గూడ గిట్లనే అయింది."

మార్కెట్‌లో గ్యాస్ ఎక్కడిది? గ్యాస్ రెండు కళ్లనూ మండిస్తుంది గానీ ఒక్క కంటికి పరదా దించదు. మెడకు ఎడమపక్క స్టెతస్కోపు ఆనించాను. సన్నగా ఈలలాంటి చప్పుడు. మెదడుకూ కంటికీ రక్తం తీసుకెళ్లే నాళం ఇరుకైతే అలా వినిపిస్తుంది. వాకీటాకీ అందుకున్నాను.

"సార్, ఒకాయన్ని మెడ స్కాన్‌కి తీసుకెళ్లాలి. పక్షవాతం ముప్పుంది."

"ఎవరు?" అన్నాడు కంపెనీ కమాండర్.

"రోజూ మనల్ని తిట్టే పెద్దాయనే సార్."

"జీపు తీసుకో. నాలుగింటికల్లా వచ్చెయ్."

బంద్ కదా, షట్టర్లన్నీ దించి ఉన్నాయి. మూడో స్కాన్ సెంటర్ డాక్టరమ్మ కాపురం ఆ మేడ మీదే. గుంటూరు వైపు మనిషి. దిగొచ్చి తాళం తీసింది.

"మెడ అటు తిప్పండి. కాసేపు మాట్లాడకండి."

"గదొక్కటి నాతోని కాదమ్మా," అంటూ సత్తయ్య ఉల్లిగడ్డను ట్రేలో పెట్టాడు.

చల్లటి జెల్ పూసి ప్రోబ్ ఆనించిందామె. తెర మీద నాళం ఎర్రగా సాఫీగా సాగి, ఒకచోట దారమంత సన్నబడింది. అక్కడ రంగులన్నీ కలగాపులగమయ్యాయి. స్పీకర్లో హోరు. ఇరుకు సందులో రక్తం పరుగు పెడుతోంది.

"ముప్పావు వంతు పూడుకుపోయిందండీ," అంది నాతో. "ఇవాళే పెద్దాసుపత్రిలో చేర్చండి. ఎడమవైపు కదా, పక్షవాతం వస్తే మాట పడిపోవచ్చు."

సత్తయ్య మొదటిసారి గొంతు తగ్గించాడు. "కన్ను వోతే వోనీ తల్లీ. గొంతు ఉంచు. గదే నా బతుకు."

నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ పెట్టుకుని బయటికొచ్చేశాను. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి ఆరింటికి బసకు చేరాం. ఆలస్యమెందుకని కమాండర్ అడగలేదు.

ఆపరేషనైందని తెలిసింది. మాట ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు. చౌరస్తాలో ఇంకెవరో నినాదాలిచ్చేవారు, మా చెవికి ఆనేవి కావు. "పెద్దాయన వచ్చాడా?" అని గ్యాస్ గన్ జవాను రోజూ అడిగేవాడు.

నలభయ్యో రోజు పదింటికి తిరుగు లారీ ఎక్కాం. చౌరస్తాలో జనం అడ్డొచ్చి లారీ ఆగింది. అప్పుడు వినిపించింది.

"కేంద్ర బలగాలు వాపస్ పోవాలె!"

అదే గొంతు. ఒక్క అక్షరం తడబడలేదు. మెడకు ఎడమపక్క నిలువునా కుట్ల గీత.

"పోతున్నాం కదా పెద్దాయనా!" అని అరిచాను. లారీ అంతా నవ్వు. సత్తయ్య దగ్గరికొచ్చి నా చేతిలో సగం ఉల్లిగడ్డ పెట్టాడు.

"తొవ్వల పనికొస్తది. పైలం బిడ్డా," అన్నాడు మెల్లగా. వెంటనే జనం వైపు తిరిగి చెయ్యెత్తాడు. "వాపస్ పోవాలె!"

రాష్ట్రం వచ్చింది. నేను రిటైరై సొంతూరు పలాస చేరాను. మమ్మల్ని పొమ్మంటూ లేచిన ఆ చెయ్యి, ఆ కుట్ల గీత ఇప్పటికీ కళ్ల ముందునుంచి పోవు. వంటింట్లో మా ఆవిడ ఉల్లిపాయ కోసినప్పుడల్లా నేను వెళ్లి పక్కన నిలబడతాను. నా కళ్లు మండుతాయని అవతలికి పొమ్మంటుంది.